గుర్రం తలా, నా తుమ్మూ

పెనం మీద టోర్టీయా రొట్టె తిరగేస్తుంటే గుర్తొచ్చింది.

"డెల్మర్! పగటి బొమ్మ తీశావా?"

మా ఆయన రేడియో కట్టేశాడు. "నువ్వు తియ్యలేదూ?"

"నువ్వు తీశావనుకున్నా!"

"రీలెక్కించింది నువ్వు. నాకు కళ్ళెక్కడ ఏడిశాయే?"

ఆకాశాన్ని ఫిల్ము మీద పట్టేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. రీల్లో మొదటి బొమ్మ పగలే తియ్యాలి. కంచో, కుక్కో, పెళ్ళామో, ఏదో ఒకటి. మిగతా రీలంతా చుక్కలే కదా, ఒక బొమ్మ ఎక్కడ అయిపోయిందో ల్యాబువాళ్ళకి తెలిసి చావదు. ఆ పగటి బొమ్మ అంచు దొరికితే దాన్నిబట్టి కొలుచుకుని కోస్తారు. దొరక్కపోతే ఎక్కడ పడితే అక్కడ కత్తి పడుతుంది. మా చుక్కలు చూసేవాళ్ళ క్లబ్బులో ఒకాయన ఆండ్రోమెడా గెలాక్సీని రెండు ముక్కలుగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ల్యాబుకిచ్చేసిన మా రీల్లో ఉన్నది గుర్రం. ఓరియన్ అనే వేటగాడి చుక్కల గుంపులో, నడుంపట్టీ దగ్గర ఎర్రటి మసక వెలుగుంటుంది. దాని ముందు నల్లటి ధూళి మేఘం, అచ్చం గుర్రం తలలా. మా టెలిస్కోపులో కంటికి ఆనదు. ఫిల్ము మీద గంటసేపు వెలుగు పడితేగానీ బయటపడదు. దానికోసం డెల్మర్ ఎన్ని చలికాలాలు వణికాడో! ఒక ఏడు మబ్బు, ఒక ఏడు టెలిస్కోపు తిప్పే మోటారు చెడింది, ఇంకో ఏడు ఎవడో వెధవ పికప్పు హెడ్‌లైట్లు. ఈ ఏడు ఏకంగా కళ్ళే. చూపు మధ్యలో మచ్చ పడింది. ఎటు చూస్తే అక్కడే చీకటి, అంచులే మిగిలాయి. వచ్చే చలికాలానికి ఫోటోలు కూడా కనిపించవని డాక్టరమ్మ చెప్పేసింది. తన గుర్రాన్ని తను చూసుకోవాలంటే ఇదే ఆఖరు.

అందుకే ఈసారి గైడింగుకి నేను కూర్చున్నాను. టెలిస్కోపులో కనిపించే ఎర్ర గీతల కూడలిలో ఒక చుక్కని పెట్టి, అది జరిగినప్పుడల్లా బటన్లు నొక్కి వెనక్కి తేవాలి. రెప్ప వెయ్యడానికి కూడా భయం. చలికి ముక్కు గడ్డకట్టింది. ఒక్కటే తుమ్ము తుమ్మాను. మోకాలు స్టాండుకి తగిలి చుక్క ఎగిరిపోయింది. గబగబా బటన్లు నొక్కి వెనక్కి తెచ్చాను.

"ఏమైంది?" అన్నాడు చీకట్లోంచి.

"ఏం కాలేదు. నోర్మూసుకుని కాఫీ తాగు."

అలా పట్టిన గుర్రాన్ని ఇప్పుడెవరో మెడ దగ్గర కోసేస్తారు! ల్యాబుకి ఫోను చేస్తే ఎంగేజు. టోర్టీయా మాడితే మాడిందని పొయ్యి ఆపేసి, డెల్మర్‌ని పికప్పులో పడేసి, మా ఊరు సొనోయిటా నుంచి ల్యాబున్న టూసాన్ దాకా ఒకటే తోలుడు.

"మెల్లగా, వర్నా! గుర్రాన్ని చూడకుండానే పోతాం."

"నీకు ముల్లు కనబడదుగా, ఎంత స్పీడో నీకేం తెలుసు?"

"కడుపులో తెలుస్తోంది!"

ల్యాబు కౌంటరులో ట్రీనా అనే పిల్ల బబుల్‌గమ్ నములుతోంది. చీటీ చూసి పెదవి విరిచింది. "ఈ రీలా? ఖాళీ అండీ. మురికి తప్ప ఏం లేదు. ముక్కలు కోసి కవర్లో పెట్టబోతున్నా, డబ్బులేం ఇవ్వక్కర్లేదు."

"కత్తి కింద పెట్టు!"

షాపంతా తిరిగి చూసింది. చూడనీ, నాకేం సిగ్గు! కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళిపోయాను. దీపప్పెట్టె మీద రీలు పొడుగ్గా పడుంది, ఇంకా కొయ్యలేదు. ప్రాణం లేచొచ్చింది.

"ఇది మురికి కాదు తల్లీ. ఓరియన్."

ట్రీనా వంగి భూతద్దం పెట్టింది. నమలడం ఆపేసింది. "ఇవన్నీ... నక్షత్రాలా?" అంతే, ఆ పిల్లకి పూనకం వచ్చింది. ఎవరిదో పెళ్ళి రీలు తెచ్చి దీని పక్కన పరిచి, అందులో ఒక బొమ్మ వెడల్పు కొలిచింది. మబ్బులాంటి మసక మధ్యకి వచ్చేలా అంచులు గుర్తుపెట్టి, చెయ్యి వణక్కుండా కోసింది. ఉన్నవాటిలోకెల్లా పెద్ద కాయితం ప్రింటు మిషన్లోకి ఎక్కించింది.

"ఇంకాస్త ఎరుపు," అన్నాడు డెల్మర్ గుమ్మం దగ్గర్నుంచి.

"ఇంకానా తాతగారూ?"

"పెంచమ్మా, పెంచు!"

మిషన్లోంచి ఫోటో జారి పడింది. ఎర్రటి వెలుగు ముందు నల్లగా మెడ వంచి గుర్రం! తీసుకెళ్ళి డెల్మర్ చేతుల్లో పెట్టాను.

ఒక్క క్షణం చూశాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

ఆలస్యం చేశాం, మచ్చ మింగేసింది అనుకున్నాను. అతని చెయ్యి పట్టుకున్నాను.

"చెవి ఉందే!" అని అరిచాడు గోడవైపే చూస్తూ. "వర్నా, దీనికి చెవి కూడా ఉందే!"

పెళ్ళైన కొత్తల్లో మొదటిసారి టెలిస్కోపు దగ్గర నిలబెట్టి నాకు నేర్పింది అదే కదా! మసకగా ఉన్నదాన్ని సూటిగా చూడకూడదు, కాస్త పక్కకి చూడాలి, అప్పుడు కంటి అంచుకి అదే చిక్కుతుంది. ముప్పై ఏళ్ళు ఆకాశాన్ని అలాగే చూసిన మనిషి. మర్చిపోయింది నేనే.

ఫోటో ముక్కు దాకా తెచ్చుకుని, తల అటూ ఇటూ వాలుస్తూ మూల మూలా వెతికాడు. "కాస్త పెద్ద చుక్కలన్నిటికీ ఈ బుల్లితోకలేమిటి? అన్నీ ఒకే వైపు?"

"తుమ్మాను," అన్నాను.

ట్రీనా పకపకా నవ్వింది. డెల్మర్ కడుపు పట్టుకున్నాడు. "ఆ స్టాండుని తుమ్మితే ఊడే ముక్కు అని తిట్టేదానివి. చూశావా, ఊడలేదు! పోనీ ట్రీనాతో ఇంకో ప్రింటు తీయించుకుందామా, తోకలు చెరిపి?"

"చెరిపితే ఊరుకోను! గంటసేపు కూర్చున్నది నేను."

నవ్వుతూనే నావైపు తిరిగాడు. సూటిగా కాదు, నా చెవి పక్కన ఎక్కడో చూస్తూ.

"నువ్వు కూడా కనిపిస్తున్నావే," అన్నాడు. "ముక్కు తుడుచుకో."