దీనమ్మ నొప్పి మీద నాలుగు శాఖల పరిశోధన

సోమవారం ఉదయం కరుణశ్రీ తన తల్లి దీనమ్మ కడుపునొప్పిని స్టీలు క్యారేజీలో పెట్టుకుని యూనివర్సిటీ బస్సెక్కుతుంది. నొప్పి మూడు గిన్నెలకి సరిపోయింది. మూత పెట్టేటప్పుడు కాస్త పొంగితే, దీనమ్మే అదిమిపట్టి బిగించింది.

"నాలుగింటికల్లా తెచ్చెయ్యి అమ్మాయ్. అయిదింటికి పెద్ద డాక్టరు చూస్తానన్నాడు. నొప్పి లేకుండా పోతే చీటీ రాయరంట."

దీనమ్మ ఇరవై ఏళ్ళుగా గుంటూరు మిర్చి గోడౌన్లలో కాయలకి తొడిమలు తీస్తోంది. నొప్పి లేని ఈ పూట ఏం చేయాలో తోచక, గుమ్మంలో కూర్చుని అరచేతులు చూసుకుంటుంది.

కరుణశ్రీ పరిశోధన పేదవాళ్ళ నొప్పి గురించే. మొదలుపెట్టి అయిదేళ్ళయింది. ఈ విషయం ఒక్క శాఖలో ఇమడదని భౌతికశాస్త్రాన్నీ, మనస్తత్వశాస్త్రాన్నీ, అర్థశాస్త్రాన్నీ, వైద్యాన్నీ కలిపి ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద కూర్చోబెట్టారు. వైద్యం కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. గదికి పెద్ద ప్రొఫెసర్ నరహరిరావు. ఆయనే కరుణశ్రీకి గైడు. ఆయన సంతకం పడితేనే థీసిస్ గది దాటుతుంది.

ఆయన మూత తీసి వాసన చూస్తాడు.

"స్వచ్ఛమైనదేనా?"

"మా అమ్మదే సార్."

"అది కాదమ్మా. ఇంకెవరి నొప్పీ కలవలేదు కదా?"

"మా నాన్న పోయినప్పటిది అడుగున కొంచెం ఉంటుందేమో సార్."

"అది వేరే పేపరవుతుంది," అంటూ దాన్ని చెంచాతో తీసి తన సొరుగులో పెట్టుకుంటాడు.

భౌతికశాస్త్రం మేడమ్ మొదటి గిన్నెని త్రాసులో పెడుతుంది. ముల్లు కదలదు. త్రాసు పెట్టిన బల్ల మాత్రం కాళ్ళు వంచి నేలకి కుంగుతుంది.

"బరువు లేదు," అని మేడమ్ రాసుకుంటుంది.

"బల్ల కుంగింది కదా మేడమ్?"

"బల్ల మన అధ్యయనంలో లేదమ్మా."

కొలిచినదాన్ని మళ్ళీ కొలవకూడదని, ఆ గిన్నెలోది సింకులో పారబోస్తుంది. సింకు చాలాసేపు మూలుగుతుంది.

రెండో గిన్నెలో నొప్పికి మనస్తత్వశాస్త్రం ఆయన నలభై ప్రశ్నల కాగితం ఇస్తాడు. దానికి చదువు రాదు. నలభై చోట్లా వేలిముద్ర వేస్తుంది. 'సహకరించలేదు' అని ఆయన పక్కకి నెట్టేస్తే, అర్థశాస్త్రం ఆయన చటుక్కున అందుకుంటాడు.

"ఇది రోజుకెన్ని గంటలు పనిచేస్తుంది?"

"రాత్రింబవళ్ళూ సార్."

"సెలవులు?"

"లేవు సార్."

ఆయన ముఖం వెలిగిపోతుంది. అప్పటికప్పుడే దాని మెడలో గుర్తింపుకార్డు వేసి, తన శాఖలో ఉద్యోగానికి పెట్టుకుంటాడు.

మూడున్నరవుతుంది. కరుణశ్రీ ఆఖరి గిన్నెని పొట్టకి హత్తుకుంటుంది.

"సార్, ఇది మా అమ్మకి కావాలి. ఇదన్నా ఇవ్వకపోతే ఆసుపత్రిలో చూడరు."

నరహరిరావు కలం మూత తీసి, థీసిస్ ఆఖరి పేజీ మీద పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. ఆయనకి తొందరేం లేదు. అయిదేళ్ళుగా లేదు.

కరుణశ్రీ కలాన్నే చూస్తుంది. గిన్నె వంక చూడదు. చూడకుండానే దాన్ని ముందుకి జరుపుతుంది.

నాలుగింటికి ఆ గిన్నెలోది పేపరుగా అచ్చయి వేడివేడిగా బయటికొస్తుంది. మొదట నరహరిరావు పేరు, తర్వాత శాఖల వాళ్ళ పేర్లు, తర్వాత త్రాసు పేరు, అన్నిటికన్నా కింద కరుణశ్రీ పేరు. దీనమ్మ పేరుండాల్సిన చోట 'నమూనా' అని ఉంది.

ఆసుపత్రి వరండాలో దీనమ్మ ఎదురొస్తుంది.

"తెచ్చావా?"

"ఇందులో ఉందమ్మా."

దీనమ్మ పేపరుని కడుపుకేసి అదుముకుంటుంది. అది లోపలికి పోదు. ఇంకోసారి గట్టిగా అదుముతుంది.

"నాది ఇంత పల్చన కాదే," అంటుంది.

థీసిస్ మీద సార్ సంతకం పడిందన్న సంగతి కరుణశ్రీ చెప్పదు.

పెద్ద డాక్టరు దీనమ్మని చూడడు. పేపరు తీసుకుని, మొదటి పేజీ మీద స్టెతస్కోపు ఆనించి, ముఖం చిట్లిస్తాడు.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు? వెంటనే అడ్మిట్ చెయ్యాలి." అప్పుడు దీనమ్మ వైపు తిరుగుతాడు. "మీకేమన్నా నొప్పుందా?"

"లేదు బాబూ. ఉండేది."

"అయితే దీనికి తోడుండండి."

నర్సులు పేపరుని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టి, సెలైన్ ఎక్కిస్తారు. వార్డులో ప్రతి మంచం మీదా ఒక పేపరు ఉంది. ప్రతి స్టూలు మీదా ఒక మనిషి, చేతిలో విసనకర్రతో విసురుతూ.

కాసేపటికి పేపరు మూలుగుతుంది, ఇంగ్లీషులో.

"ఏమంటందే?" అని అడుగుతుంది దీనమ్మ.

"ఇంకా నమూనాలు కావాలంటోందమ్మా."

"అయ్యో పాపం," అంటూ దీనమ్మ కొంగుతో దాని నుదురు తుడుస్తుంది. తుడిచిన కొద్దీ అక్షరాలు కొంగుకి అంటుకుంటాయి. కొంగు బరువెక్కి, దీనమ్మ ఇక స్టూలు మీంచి లేవలేకపోతుంది. తెల్లబడిన కాగితం మాత్రం గోడవైపుకి ఒత్తిగిల్లి, గురకపెట్టి నిద్రపోతుంది.