కొత్త గవర్నరు వచ్చిన పూట

ముదిగుబ్బ బస్టాండు పక్కన టీ అంగట్లో టీవీ మోగుతోంది. "రాష్ట్రానికి కొత్త గవర్నరు, ఈ రోజే ప్రమాణం" అన్న మాట చెవిన పడగానే తిమ్మక్క తాగుతున్న టీ వదిలేసి లేచింది. గవర్నరు మారితే గొర్రెలు మేపుకునే మనిషికి ఏం పోయిందంటారా? ఆమె మొగుడు బయ్యన్న కడప జైల్లో ఉన్నాడు. చేనిగట్టు తగాదాలో అతని కట్టె తగిలి ఒక మనిషి పోతే యావజ్జీవం పడింది. మిగిలిన శిక్ష మాఫీ చేయమని పెట్టుకున్న అర్జీ మంత్రులను దాటి, గవర్నరు సంతకం కోసం ఆగి ఉంది. ఆ గవర్నరే పోతే ఇంకేముంది?

తిమ్మక్క కులంలో కట్టడి అలాంటిది మరి. కొత్త కులపెద్ద ఫలానా అని పేరు బయటికొచ్చిందంటే పాతాయన ఇక నోరు మెదపకూడదు. ఆయన దగ్గరున్న పంచాయితీలన్నీ రద్దు. కొత్తాయనకు తాంబూలమిచ్చి మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సిందే. అందుకే తిమ్మక్క గొర్రెలను చెల్లెలికి అప్పజెప్పి, ఆకూ వక్కా కొంగున కట్టుకుని కదిరి బస్సెక్కేసింది.

కదిరిలో వాళ్ల లాయరు జాకబ్ అప్పుడే కోర్టు నుంచి వచ్చి అన్నం క్యారియరు విప్పుతున్నాడు.

"అన్నా, గవర్నరు బంగళా యాడుండాది? కొత్తాయనకు తాంబూలం ఇయ్యల్ల."

జాకబ్ నవ్వాపుకున్నాడు. "కూచో అక్కా. మనం అర్జీ పెట్టింది మనిషికి కాదు, కుర్చీకి. మనిషి పోయినా కుర్చీ ఆడనే ఉంటాది."

ఆ మాటతో తిమ్మక్కకు భయం కాస్త తగ్గి కుతూహలం మొదలైంది. అది మొదలైతే ఆమెను ఆపడం ఎవరి తరం!

"పాతాయన్ను ఎవురు పొమ్మన్నారు? ఓట్లల్లో ఓడిపాయనా?"

"గవర్నరుకు ఓట్లేడివక్కా? రాష్ట్రపతి పంపిస్తే వస్తాడు. అయిదేండ్లనేది పేరుకే. వద్దనుకుంటే నడిమధ్యలోనే పోవల్ల."

"ఓయమ్మ! మా బయ్యన్నను ఇంటికి పంపేది ఆయప్ప ఇష్టం. ఆయప్పను ఇంటికి పంపేది ఇంగొకరి ఇష్టమా! మరి కొత్తాయన వచ్చేదాకా కుర్చీ బోసిగా ఉంటాదా?"

"ఉండదు. కొత్తాయన హైకోర్టు పెద్ద జడ్జి ముందర నిలబడి ప్రమాణం చేసేదాకా పాతాయనే గవర్నరు."

"గవర్నరు గూడా జడ్జి ముందర నిలబడల్లనా? మా బయ్యన్న మాదిరేనా?"

జాకబ్‌కు పొలమారింది. నీళ్లు తాగి, సచివాలయంలో తెలిసినాయనకు ఫోను చేశాడు. ఊ కొట్టాడు, ఆ కొట్టాడు, ఫోను పెట్టేసి తిమ్మక్క వైపు చూశాడు.

"అక్కా, మన అర్జీ మీద నిన్న సాయంత్రమే సంతకమైందంట. పాతాయనే పెట్టినాడు."

తిమ్మక్క మొహం వెలగలేదు సరికదా, మాడిపోయింది. "చెల్లదన్నా! ఈ పొద్దు ప్రమాణమంటే కొత్తాయన పేరు ముందే చెప్పేసుంటారు కదా. పొమ్మన్న మనిషి సంతకం ఎవురు లెక్కబెడతారు?"

"చెల్లుతాదక్కా. ఈ పొద్దు ప్రమాణం అయ్యేదాకా ఆయప్ప నిండు గవర్నరు. ఆ సంతకాన్ని కొత్తాయన ఏం తుడిచెయ్యడు. బయ్యన్న ఇంటికొస్తాడు."

తిమ్మక్క కొంగు ముడి విప్పి, ఆకూ వక్కా బల్ల మీద పెట్టింది.

"ఇంటికి పొమ్మన్నారని తెలిసినాక, మూటాముల్లె సర్దుకుంటా గూడా మా కాగితం చూసినాడా? నేనైతే చూసేదాన్ని కాదన్నా. పొమ్మన్నోళ్ల మీద కడుపుమంటతో కూచునేదాన్ని." అప్పుడు బావురుమంది. ఏడ్చి, ముక్కు చీది, "ఆయప్ప పేరేందన్నా?" అంది.

జాకబ్ చెప్పాడు. ఇన్నేళ్లూ గవర్నరు సామీ అని గాల్లో దండాలు పెట్టుకుందే గానీ, ఆ సామికో పేరుంటుందని ఆమెకు తోచనే లేదు. ఉత్తరాది పేరు, నోరు తిరగడం లేదు. మళ్లీ చెప్పన్నా, మళ్లీ చెప్పు అంటూ, జైలు గేటు దగ్గర బయ్యన్నకు చెప్పాలి కదా అని, సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు.