మాస్టారి ప్రాణం

వీధిలో అందరూ అతన్ని బాబాయి అనే పిలుస్తారు. బస్టాండు వెనక సందులో రెండు కుర్చీల సెలూను అతనిది. వేసవి మొదట్లో ఒక పొద్దున లెక్కల మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చారు. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా అందరికీ ఆయన మాస్టారే. ఒక చెంప పూర్తయ్యాక తల పక్కకు వాలిపోయింది. కునుకు పట్టిందనుకున్నాడు బాబాయి. పెదవులు నల్లబడటం చూశాక కత్తి పక్కన పడేశాడు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, "నేల మీద పడుకోబెట్టండి. రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా నొక్కండి. ఆపొద్దు," అంది. నొక్కాడు. చేతుల కింద ఎముక విరిగిన చప్పుడైంది.

"విరిగిందమ్మా."

"విరగనీండి. నొక్కండి."

ఇక చేతులు ఆడవనుకునే వేళకు బండి వచ్చింది.

మాస్టారు బతికారు. పుణ్యం కట్టుకున్నావని సందు సందంతా బాబాయిని మెచ్చుకుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడం ఆ తరవాతే మొదలైంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మాస్టారు రోజూ సెలూనుకే వచ్చి, మూల బెంచీ మీద కూర్చునేవారు. మధ్యాహ్నం డబ్బాలోని అన్నం అక్కడే తినేవారు. తలుపు మూసేదాకా కదిలేవారు కాదు.

"ఇంట్లో కళ్ళు మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదోనని గుబులయ్యా. నువ్వు ఎదురుగా ఉంటే ధైర్యం," అనేవారు.

బాబాయికి మాత్రం ఉన్న ధైర్యం పోయింది. ఎవరు కుర్చీలో కళ్ళు మూసినా చెయ్యి ఆగిపోయేది. "బాగానే ఉన్నారా?" అని భుజం తట్టేవాడు. "క్షవరానికొస్తే జబ్బు అంటగట్టేలా ఉన్నావే," అని ఒకాయన విసుక్కున్నాడు. పడుకుంటే ఆ ఎముక చప్పుడు చెవిలో మోగేది. చెల్లెలికి ఆపరేషనైతే చూడటానికి కూడా వెళ్ళలేదు. తను లేనప్పుడు మాస్టారికి ఏమైనా అయితే?

"ఆయన ప్రాణం మీ పేర రాసిచ్చారా ఏమిటి?" అంది భార్య. అన్నం కలిపే ఓపిక కూడా లేక కంచం పక్కకు జరిపాడు.

ఒకరోజు పరధ్యానంలో ఒకతని చెవి కోశాడు. నెత్తురు తుడిచి, అతన్ని సాగనంపి, బెంచీ వైపు చూడకుండానే అన్నాడు. "మాస్టారూ, రేపటి నుంచి రాకండి."

మాస్టారు డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత బాబాయికి పని సాగలేదు. సాయంత్రం కాకుండానే కొట్టు మూసి ఆయన ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసింది మాస్టారి భార్య.

"పంపించేశారట. మంచి పని చేశారు బాబూ. ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఈయనకి నా చేతుల మీద నమ్మకం లేదు."

మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. బాబాయి పక్కన కూలబడ్డాడు.

"నాకేం తెలీదు మాస్టారూ. ఆ ఫోనులో పిల్ల చెప్పినట్టు చేశాను. అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

మాస్టారు ఇటు తిరిగారు. "నీకు భయం లేదనుకునే కదయ్యా వచ్చి కూర్చున్నాను," అన్నారు మెల్లగా.

మాస్టారి భార్య మంచం దగ్గరికి వచ్చింది. "ఆ పిల్ల ఏం చెప్పిందో నాకూ చెప్పండి," అంది ఆవిడ. బాబాయి ఒక దిండు నేల మీద వేసి చేతులు ఎలా పెట్టాలో చూపించాడు. ఆవిడ కొంగు బిగించి నొక్కింది.

"నెమ్మదే. పాపం, దిండు," అన్నారు మాస్టారు.

"నెమ్మదిగా నొక్కితే మీరు లేవరు."

బాబాయికి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక ఇంకా మిగిలుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు కొట్టు తెరవకుండా చెల్లెలి ఊరికి బస్సెక్కాడు. నిద్రపోతున్న ప్రయాణికుల ఎదలు చూడకూడదని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అయినా రెండు మూడు సార్లు చూశాడు. చెల్లెలు గుమ్మంలోనే నిలేసింది.

"ఇప్పటికి గుర్తొచ్చానా అన్నయ్యా?"

"తప్పే. ఎంతైనా తిట్టు, పడతాను. ముందు కాసేపు పడుకోనీ," అన్నాడు. చెప్పులు విడిచి, ముందుగదిలో పరిచి ఉన్న చాప మీద అలాగే ఒరిగాడు.