ఈ ఏడు కూడా రోగి పాత్రే

"ఈ ఏడు కూడా ఏడుపు నీ వంతే, డాక్టరమ్మా," అన్నాడు ఫోన్లో శిక్షణాధికారి పాల్మారెస్, పెద్ద జోకు వేసినట్టు తనే నవ్వుకుంటూ.

నార్మితా చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక భర్త తరఫు వాళ్లంతా భోజనానికి దిగుతారు. కందిగింజలు, పనసకాయ, పందిమాంసం వేసిన పులుసు లేకపోతే ఇలోయిలో ఊళ్లో అదొక ఆదివారమేనా అంటారు అత్తగారు. శనివారమంతా ఆసుపత్రిలో శిక్షణకే పోతుంది కాబట్టి ఆ కోసేదేదో ముందే కోసి పెట్టుకోవాలి. "అలాగే డాక్టర్, ఏడుస్తాను," అంది నార్మితా. అని, ఆగి, "మరి రెండో విషయం?" అని అడిగింది. "రేపు అందరి ముందూ చెప్తాను కదా, తొందరెందుకు?" అన్నాడాయన. ఆయన గొంతు బాగానే ఉంది. బాగానే ఉందని ఆమె అనుకుంది.

కుటుంబ వైద్య విభాగంలో ఏటా ఒక రోజు పాఠం చెప్పేవాళ్లే బల్లల ముందు కూర్చుంటారు. రెసిడెంట్లకి, అంటే శిక్షణలో ఉన్న కుర్ర డాక్టర్లకి, చికిత్స నేర్పడం వేరు, నేర్పడం ఎలాగో నేర్చుకోవడం వేరు. కుర్ర డాక్టరు తప్పు చేస్తే మనసు చచ్చిపోకుండా ఎలా చెప్పాలి, వాడు రోగితో మాట్లాడుతుంటే మధ్యలో దూరకుండా ఎలా గమనించాలి, ఇవన్నీ ఆ రోజు ఒకళ్ల మీద ఒకళ్లు ప్రయత్నించి చూసుకుంటారు. ఒకరు రెసిడెంటు, ఒకరు గురువు, ఒకరు రోగి. గురువు పాత్ర పాల్మారెస్‌ది. రెసిడెంటు పాత్రకి కుర్రాళ్లు పోటీ పడతారు. రోగి పాత్ర మాత్రం ఎందుకో ప్రతిసారీ ఆడవాళ్ల దగ్గరికే వస్తుంది, ఆడవాళ్లలోనూ నార్మితా దగ్గరికే. ఎప్పుడో ఒకసారి ఎవరో రాకపోతే ఆ కుర్చీలో కూర్చుని రెండు కన్నీటి చుక్కలు రాల్చింది. అంతే, ఆ కుర్చీ ఆమెకి రాసిచ్చేశారు.

ఆ రోజు నడిచే ప్రతి పాఠం నార్మితా రాసిందే. తెర మీద కనిపించే బొమ్మలు ఆమె గీసినవే. పాల్మారెస్ వాటిని చదువుతాడు, అక్కడక్కడా తడుముకుంటే ఆమె వెనక నుంచి మెల్లిగా అందిస్తుంది, ఆయన "అదే, అదే" అంటాడు. కాఫీ ఎవరు తెప్పించాలి, మధ్యాహ్నం నూడుల్స్ సరిపోతాయా, శాకాహారి డాక్టరు ఒకాయన ఉన్నాడు ఆయనకేం పెట్టాలి, అదీ ఆమే చూడాలి. ఎవరూ ఆజ్ఞాపించరు. "నీకైతే అలవాటు కదా," అంటారు. ఇంట్లోనూ అదే మాట. అత్తగారికి ఇన్సులిన్ పొడవడం, ఆదివారం భోజనాలయ్యాక చొక్కా చేతులు పైకి మడిచి వరసగా కూర్చునే బంధువులందరికీ బీపీ చూడటం, మందులు రాయడం, వాళ్లు మందులు వేసుకోకపోతే మళ్లీ తిట్లు తినడం, అన్నీ నీకు అలవాటే కదా. అలవాటు అనే మాటతో మనిషి చేత ఎంత పని చేయించుకోవచ్చో నార్మితాకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అయితే ఈసారి ఒక్క ఆశ ఉంది. పాల్మారెస్ శిక్షణాధికారి పని వదులుకుంటున్నాడు. ఆ పని తీసుకున్నవాళ్లు ఈ ఒక్క ఆసుపత్రిలోనే కాదు, చుట్టుపక్కల దీవుల్లో రెసిడెంట్లు ఉన్న ప్రతి చోటికీ పడవెక్కి వెళ్లి అక్కడి గురువులకి నేర్పాలి. నార్మితాకి ఈ జన్మలో కావలసింది అదొక్కటే. దాని కోసం సెలవులన్నీ పోగేసుకుని, మనీలా వెళ్లి వచ్చి, వైద్య బోధనలో ఇంకో చదువు చదివింది. "ఆ చదువుతో జీతం పెరుగుతుందా?" అని అడిగాడు భర్త హెర్నాని. పెరగదంది. "మరి ఎందుకే నీకీ తాపత్రయం?" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడు, తాగి రాడు, ఊళ్లో అందరూ బంగారం అంటారు. ఆమె ఏం చెప్పినా తల ఊపుతాడు, తల ఊపుతూనే టీవీ చూస్తాడు. పాల్మారెస్ మాత్రం వరండాలో నిలబెట్టి మరీ అన్నాడు, "నువ్వు కాకపోతే ఇంకెవరు, నార్మితా?" అని. ఆ మాట పట్టుకుని ఆమె ఏడాది బతికింది.

శనివారం పొద్దున కాఫీ బల్ల దగ్గర ఎల్మర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒకప్పుడు ఆమె దగ్గర రెసిడెంటు, ఇప్పుడు ఆమెతో పాటు పాఠాలు చెప్పే డాక్టరు. చెంచాతో కప్పులో కలుపుతూనే ఉన్నాడు, చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"మేడమ్, మీరు కోపం తెచ్చుకోకూడదు. నేనైతే అడగలేదు. ఆయనే పిలిచి చెప్పారు."

"ఏం చెప్పారు?"

"మీకు చెప్పే ఉంటారనుకున్నానే!" అన్నాడు ఎల్మర్, మొహం ఎర్రబడి.

ఆమె పాల్మారెస్ గదిలోకి వెళ్లింది. తలుపు కూడా కొట్టలేదు. ఆయన టై సరిచేసుకుంటున్నాడు.

"అదేమిటి, నీకు తెలియదా? హెర్నానితో అన్నీ మాట్లాడాకే కదా!" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "బాడ్మింటన్ దగ్గర కలిశాం. 'ఆవిడ నోరు తెరిచి కాదనదు డాక్టర్, కానీ ఓపిక లేదు. అమ్మకి ఇంజెక్షన్లు ఉన్నాయి, ఇల్లుంది, పడవలెక్కి తిరిగే వయసా? మీరే ఎలాగో తప్పించండి, నేను చెప్పానని మాత్రం అనకండి' అన్నాడు. నేనూ ఆలోచించాను, నిజమే కదా? అంత ప్రేమగా చూసుకునే మొగుడు దొరకడం అదృష్టమమ్మా. మా ఆవిడకి ఓపికుందో లేదో నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు."

"నన్ను అడగొచ్చు కదా, డాక్టర్."

"నిన్నడిగితే చేస్తానంటావు! నీ సంగతి నాకు తెలియదూ? ఎల్మర్ కుర్రాడు, కాళ్లలో బలముంది. పాఠాలు ఎలాగూ నువ్వు రాసిస్తావు, వాడు తిరుగుతాడు. ఇద్దరికీ మేలు." గడియారం చూసుకున్నాడు. "పద పద, అందరూ వచ్చేశారు."

ఆమె కదిలింది. అదే ఆమెకి ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అర్థం కాలేదు. తలుపు విసిరికొట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. కాళ్లు వాటంతట అవే హాల్లోకి నడిచి, రోగి కుర్చీ దగ్గర ఆగాయి.

చేతిలో పాత్ర రాసిన కాగితం ఉంది. అదీ ఆమె రాసిందే. నౌకాశ్రయం పక్కన చిన్న పూటకూళ్ల కొట్టు నడిపే ఆడమనిషి, తలనొప్పి, మొగుడు ఓడ మీద పని చేస్తాడు, ఇద్దరు పిల్లలు. ఎదురుగా రెసిడెంటు పాత్రలో ఎల్మర్ కూర్చున్నాడు. తలనొప్పి ఎప్పటినుంచి, ఎటువైపు, అన్నీ అయ్యాక కుటుంబం గురించిన ఐదు ప్రశ్నలకి వచ్చాడు. ఆ ప్రశ్నలు రాని రెసిడెంటు ఫిలిప్పీన్స్‌లోనే ఉండడు. జబ్బు ఒంట్లో ఉందా ఇంట్లో ఉందా తేల్చుకోవడానికి ప్రతి రోగినీ అడిగి తీరాలి. ఎప్పుడూనా, అప్పుడప్పుడా, అసలు లేదా, ఈ మూడింటిలో ఒకటి చెప్పాలి.

"మీకేదైనా కష్టం వస్తే మీ ఇంట్లోవాళ్లు ఆదుకుంటారన్న తృప్తి మీకుందా అమ్మా?"

"లేదు."

"మీతో అన్నీ మాట్లాడతారా, ఏదైనా సమస్య వస్తే మీతో పంచుకుంటారా?"

"లేదు. నా గురించి కూడా నాతో మాట్లాడరు. బయటవాళ్లతో మాట్లాడతారు."

"మీరు కొత్తగా ఏదైనా పని మొదలుపెడతానంటే ఒప్పుకుని అండగా నిలబడతారా?"

నార్మితా చేతిలోని కాగితాన్ని ఒళ్లో బోర్లించింది. కాగితంలో ఆ కొట్టు నడిపే మనిషి ఇక్కడ "అప్పుడప్పుడు" అనాలి. "నాకు ఓపిక లేదని చెప్పారు," అంది. "నన్ను అడగలేదు. నాకెంత ఓపికుందో వాళ్లకేం తెలుసు? మా అత్తగారికి పొద్దునా సాయంత్రం సూది పొడిచేది నేను. వాళ్ల ఇంటిల్లిపాదికీ నాడి పట్టేది నేను. నాకు ఓపిక లేదట. నేను చదువుకున్నాను. అందరికీ నేర్పగలను. నాకున్న ఒక్క కోరిక మా ఆయన ఆటల మైదానంలో ఎవరికో ఇచ్చేసి వచ్చాడు, చెమట తుడుచుకుంటూ." ఇక కన్నీళ్లు ఆగలేదు. ప్రతి ఏడూ వచ్చే రెండు చుక్కలు కావవి. ముక్కు కారింది, ఎక్కిళ్లు వచ్చాయి, వయసులో పెద్ద డాక్టరు అందరి ముందు ఏడవకూడనట్టుగా ఏడ్చింది.

ఎల్మర్ కలం ఆగింది. కాగితం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఓడ మీది మనిషి ఆటల మైదానంలోకి ఎలా వచ్చాడో అతనికి అర్థమైంది. అతనికి అర్థమైందని ఆమెకీ అర్థమైంది. రోగి మాట దారి తప్పితే ప్రశ్నలు పక్కన పెట్టి నోరు మూసుకుని కూర్చోవాలని అతనికి నేర్పింది ఆమే. ఒక్క క్షణం ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అతను గొంతు సవరించుకుని నాలుగో ప్రశ్న అడిగాడు.

చప్పట్లు కొట్టారు. కొందరు లేచి నిలబడి కొట్టారు. వెనక వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ, "బాబోయ్ మేడమ్, సినిమాల్లోకి వెళ్లాల్సినవారు మీరు," అంది. పాల్మారెస్ లేచి, తప్పులు చెప్పేముందు మంచి చెప్పాలన్న నియమం గుర్తుచేసి, రోగి మనసు విప్పేలా అడిగినందుకు ఎల్మర్‌ని మెచ్చుకున్నాడు. తర్వాత ఈ రోగికి మీరేం చేస్తారని సభని అడిగాడు. ఒకరు నిద్రమాత్ర అన్నారు, ఒకరు నడక అన్నారు, ఒకరు భార్యాభర్తలు కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోవాలన్నారు. నార్మితా ముక్కు తుడుచుకుని, అలవాటు ప్రకారం, ఎవరు ఏమన్నారో బోర్డు మీద రాసింది. దుఃఖం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఉన్నదున్నట్టు చెబితే ఎవరో ఒకరు వింటారని ఇన్నేళ్లూ రెసిడెంట్లకి నేర్పింది తనే కదా.

ఇంటికి వెళ్లేసరికి హెర్నాని హుషారుగా ఉన్నాడు. "పాల్మారెస్ ఫోన్ చేశాడు. ఇరగదీశావటగా!" అన్నాడు. శిక్షణాధికారి సంగతి ఎత్తలేదు. ఆమె అడిగింది. "నీ మంచికే కదా," అన్నాడు, తల ఊపుతూ. అడగడానికి ఇంకా ఏదో ఉందని ఆమె అక్కడే నిలబడింది. అతను భోజనంలోకి ఏముందని అడిగాడు.

ఆదివారం అందరూ వచ్చారు. పులుసు కుండ అడుగంటా ఊడ్చారు. భోజనాలయ్యాక ఎప్పటిలాగే చొక్కా చేతులు మడిచారు. ఆమె బీపీ పట్టీ తెచ్చేలోగా హెర్నాని చప్పట్లు చరిచాడు.

"ఆగండాగండి. మన ఇంట్లో ఇంత పెద్ద నటి ఉందని మీకెవరికైనా తెలుసా? నిన్న ఆసుపత్రిలో డాక్టర్లందర్నీ ఏడిపించిందట. నార్మితా, ఒక్కసారి చెయ్యవే, వీళ్లు కూడా చూస్తారు."

"చెయ్యి వదినా, చెయ్యి," అంది ఆడపడుచు మెర్లిండా, ఫోను తీసి వీడియోకి సిద్ధమవుతూ. "నాకు తెలియకుండా మా ఇంట్లో నటి ఏమిటి?"

"చెయ్యవే, నా షుగర్ తర్వాత చూద్దువుగాని," అన్నారు అత్తగారు, వాలుకుర్చీలో ముందుకి జరిగి.

"నాకు ఒంట్లో బాగాలేదు."

"అబ్బ, బెట్టు చేయకు. నేనే డాక్టర్ని, చూడు." హెర్నాని కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. పాల్మారెస్ పంపాడట, ఐదు ప్రశ్నలూ అతని ఫోన్లో ఉన్నాయి. కళ్లజోడు ముక్కు మీదికి దించి డాక్టరు గొంతు పెట్టాడు. అందరూ నవ్వారు. "చెప్పమ్మా, నీకేదైనా కష్టం వస్తే మీ ఇంట్లోవాళ్లు ఆదుకుంటారన్న తృప్తి నీకుందా?"

ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెని ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఎదురుగా ఉన్నాడు. ఎవరెవరి గురించి జవాబు చెప్పాలో వాళ్లందరూ ఆ గదిలోనే ఉన్నారు, చెవులు రిక్కించుకుని. ఒక్క మాట అంటే చాలు, లేదు అని. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ నిన్న నిజం చెబితే చప్పట్లు కొట్టారు. ఇవాళ ఈ ఇంట్లో, తను వండిన అన్నం తిన్న చేతులతో వీళ్లూ కొడితే, ఆ చప్పట్లు విన్నాక ఇక బతకడం కుదరదని ఆమెకి అనిపించింది. ఉన్న ఆ కాస్త నిజాన్నీ వీళ్లకి ఆటవస్తువుగా ఇవ్వకూడదనుకుంది.

"ఉంది," అంది నార్మితా. "ఎప్పుడూ."

"నీతో అన్నీ పంచుకుంటారా?"

"ఎప్పుడూ."

"నువ్వు కొత్త పనేదైనా మొదలెడతానంటే అండగా ఉంటారా?"

"ఎప్పుడూ ఉంటారు," అని నవ్వింది. దవడలు నొప్పి పుట్టేలా నవ్వింది.

మెర్లిండా వీడియో ఆపేసి ఫోను ఒళ్లో పెట్టుకుంది. అత్తగారు ఇన్సులిన్ డబ్బా కోసం అటూ ఇటూ చూశారు. హెర్నాని కళ్లజోడు తీసేశాడు, టికెట్టు డబ్బులు దండగైనట్టు మొహం పెట్టాడు.

"ఛ, ఏం బాగాలేదే," అన్నాడు. "నటిస్తున్నావని తెలిసిపోతోంది."