ఇంజినీరమ్మ సెలవు

పొద్దున్నే హోటల్‌కి రాగానే ఇంజినీరమ్మ ముందు నేలమాళిగలోని పంపుల గదికి వెళ్ళేది. మోటార్ల చప్పుడు విని, బాయిలర్ ఎలా ఉందో చూసి, సర్వీసు లిఫ్టులో డాబా మీదికెళ్ళి నీళ్ళ ట్యాంకుల మూతలెత్తి చూసి, ఒక్కో అంతస్తే దిగుతూ వచ్చేది. ఏ తలుపు కిర్రుమంటోందో, ఏ ఏసీ నీళ్ళు కారుస్తోందో చూసి పనివాళ్ళకి పురమాయించేది. చివరికి లాబీలోకొచ్చి, మధ్యనున్న స్తంభం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. అప్పటిదాకా చెమ్మగా ఉన్న నేల పొడిబారేది. రిసెప్షన్‌లో వాళ్ళు హమ్మయ్య అనుకుని పనిలో పడేవాళ్ళు.

ఆవిడ లేకపోతే ఆ బిల్డింగుకి జ్వరం వచ్చేది. లాబీ పాలరాయికి చెమటలు పట్టేవి. చన్నీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళొచ్చేవి. తలుపులు ఉబ్బి బిగుసుకుపోయేవి. లిఫ్టు రెండంతస్తుల మధ్య అలిగి కూర్చునేది. "మా ఇంజినీరమ్మ సెలవులో ఉన్నారండీ" అని చెబితే, దిగడానికొచ్చినవాళ్ళు అలాగా పాపం అని, ఇంకో తువ్వాలు అడిగి పుచ్చుకుని, పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కి పోయేవాళ్ళు.

ఆ హోటల్ ప్లాను గీసింది ఆవిడే. చదువైపోయిన కొత్తలో, అన్నయ్య ఆఫీసులో ఓ మూల బల్ల దగ్గర కూర్చుని గీసింది. నట్టనడుమ కిందినుంచి పైదాకా, ఆకాశానికి తెరిచిన వెలుతురు బావి ఒకటి పెట్టి, ప్రతి స్నానాల గదిలోకీ పగటి వెలుగు పడేలా చేసింది. గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద మాత్రం అన్నయ్య పేరు పడింది. ఎవరి పేరైతేనేం, ఇంట్లోదే కదా అన్నాడాయన. కట్టడం అయ్యాక కొన్నాళ్ళు దగ్గరుండి చూసుకోమన్నాడు. ఆ కొన్నాళ్ళలో ఆవిడ తల నెరిసింది. ఆయన మాత్రం ఆ హోటల్ ఫొటోలు చూపించి ఊరూరా హోటళ్ళు కట్టాడు.

బిల్డింగు సంగతి బయటపడింది ఆవిడ పెళ్ళినాడే. ఆవిడ రాని ఆ ఒక్కరోజుకే లాబీకి చెమటలు పట్టి, లిఫ్టు ఆగిపోయింది. హోటల్ యజమాని పెళ్ళికొచ్చి, కడుపునిండా భోంచేసి, పెళ్ళికూతురి పక్కన చేరి, తొందరేం లేదమ్మా, రేపు పొద్దున్నకల్లా వచ్చెయ్యి అన్నాడు. భర్త నవ్వాడు. కొన్నేళ్ళు నవ్వాడు. తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వీలైనప్పుడు వచ్చి, ఆ హోటల్లోనే గది తీసుకుని, భార్యని చూసి పోయేవాడు. తన తల్లి పోయిననాడు కూడా ఇంజినీరమ్మ సాయంత్రానికి తిరిగొచ్చి, ఏడ్చిన మొహంతోనే స్తంభానికి చెయ్యి ఆనించింది.

భర్త ఉంటున్న ఊళ్ళోనే పిల్లల ఆస్పత్రి కట్టబోతున్నారని, నువ్వే గియ్యాలని చదువుకున్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇంజినీరమ్మ ఆలోచించుకోడానికి గడువు కూడా అడగలేదు. వస్తానంది.

యజమాని గుండెలు బాదుకుని అన్నయ్యకి కబురుపెట్టాడు. ఆయన వచ్చి, నేలమాళిగలో నెత్తిమీద గొట్టాలు పోయే చెల్లెలి గదిలో ఇబ్బందిగా కూర్చున్నాడు.

"నువ్వెళ్తే ఇది నిలవదు. ఆ సంగతి నీకూ తెలుసు."

"పేరు నీదే కదా అన్నయ్యా. నువ్వొచ్చి కూర్చో."

ఆయన దాన్ని నవ్వులాటలోకి దింపబోయాడు. ఆవిడ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని లాబీలోకి తీసుకెళ్ళి, తను ఆరోజు ఇంకా ముట్టుకోని స్తంభానికి ఆ అరచేతిని ఆనించింది. నేల చెమరుస్తూనే ఉంది. కాసేపటికి ఆయన జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుని, రైలుకి వేళవుతోందంటూ వెళ్ళిపోయాడు.

లాండ్రీ చూసే ఆవిడని హోటలంతా పిన్నీ అని పిలిచేది. హోటల్ తెరిచిన రోజునుంచీ అక్కడే ఉంది. పిన్ని రెండో పెళ్ళి చేసుకుందని కూతురు మాట్లాడ్డం మానేసింది. ఇన్నేళ్ళకి ఆ అమ్మాయి తనంతట తానే ఫోన్ చేసి, కాన్పుకి రా అమ్మా, వచ్చి నాతోనే ఉండిపో అంది. అప్పట్నుంచీ పిన్ని దుప్పట్లు మడతపెడుతూ కూనిరాగాలు తీస్తోంది. వచ్చే నెల ఉద్యోగం మానేస్తానని అందరికీ చెప్పుకుంది.

ఇంజినీరమ్మ వెళ్ళే రోజున పెట్టె పట్టుకుని లాబీలో నిలబడింది. స్తంభాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కాలు కదలదని భయం. నేల అప్పటికే నీళ్ళు చల్లినట్టుంది. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ పిన్ని పరుగున వచ్చి వాటేసుకుంది.

"నువ్వెళ్ళు తల్లీ. దీనికి నేను చెబుతాలే" అని, జ్వరమొచ్చిన పిల్లవాడి వీపు నిమిరినట్టు స్తంభాన్ని నిమిరింది.

నేల ఆరడం మొదలైంది. ముందు పిన్ని పాదాల చుట్టూ, తర్వాత రిసెప్షన్ దాకా, ఆ తర్వాత గుమ్మం దాకా. ఎక్కడో పైన ఇరుక్కున్న లిఫ్టు మెల్లగా కిందికి దిగిన చప్పుడైంది. రిసెప్షన్‌లో అమ్మాయి చూసి తల దించుకుంది. పిన్ని మాత్రం కన్నీళ్ళతో ఇంజినీరమ్మ మొహమే చూస్తోంది.

చెయ్యి తీసెయ్ పిన్నీ అంటే సరిపోయేది. ఇంకా సమయం ఉంది. మొదటిసారికే బిల్డింగు పిన్నిని అంటిపెట్టుకోదేమో, చెప్పి చూడొచ్చు. బయట కారు ఆగి ఉంది. డ్రైవరు పెట్టె అందుకున్నాడు.

"జాగ్రత్త పిన్నీ" అంది ఇంజినీరమ్మ. వెళ్ళి కారెక్కింది.

కొత్త ఊళ్ళో ఆస్పత్రికి పునాదులు తీశారు. ఆవిడ పొద్దంతా సైటులో ఉండేది, సాయంత్రం భర్తతో కలిసి ఇంటికెళ్ళేది. కుళాయిలు, తలుపులు అన్నీ మామూలుగా పనిచేసేవి. ఆవిడకి నిద్ర బాగా పట్టేది. అదే ఆవిడకి ఆశ్చర్యం.

ఒక మధ్యాహ్నం భర్త క్యారేజీ తెచ్చి, ఇద్దరూ సైటు షెడ్డులో తింటుండగా పిన్ని ఫోన్ చేసింది. కూతురి దగ్గరికి బయల్దేరిందట. సగం దారిలో ఉండగానే హోటల్లో తలుపులన్నీ బిగుసుకుపోయి, గదుల్లో జనం ఇరుక్కుపోయారట. వెనక్కి తిరగాల్సొచ్చింది. ఇంకోసారి బయల్దేరినా అంతే. కూతురికి మగపిల్లాడు పుట్టాడు. అల్లుడు ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కే చెప్పి పెట్టేశాడు. కూతురు మళ్ళీ ఫోన్ ఎత్తడం లేదు.

"దీన్ని ఏమనను తల్లీ, నన్ను మరిగింది. ఇన్నేళ్ళూ నువ్వెలా వేగావో ఇప్పుడు తెలుస్తోంది. నేనే కాస్త ముందు నీకు ఆసరా అయ్యుంటే మీ అమ్మ దగ్గరైనా ఉండేదానివి. నువ్వేం దిగులు పెట్టుకోకు, నేను చూసుకుంటున్నాగా."

ఇంజినీరమ్మ ఊఁ కొట్టింది. ఫోన్ పెట్టేశాక చేతిలో ముద్ద ఆరిపోయి ఉంది.

"ఎవరు?" అన్నాడు భర్త.

"హోటల్ నుంచి."

"ఏమంటున్నారు? మళ్ళీ జ్వరమా?"

"లేదు" అందావిడ. "బాగానే ఉందట."