గళ్ళు పడే బొమ్మ

కాలరు దగ్గర ముడత పోలేదు. మహబూబ్బీ నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టెను మళ్ళీ నొక్కింది. ఆ ఇంటి మగవాళ్ళ పొడవాటి తెల్లటి తోబులు ఇంకా ఆరు మిగిలాయి. శుక్రవారం నమాజు వేళకు అన్నీ కొక్కేలకు ఎక్కాలి.

సౌదీలో, ఉనైజాలోని ఆ ఇంట్లో, మేడమీద బట్టలుతికే గదిలో, పిల్లలు వద్దని పారేసిన టీవీ, డీవీడీ ప్లేయరు ఉన్నాయి. తోటి పనిమనిషి మరిసెల్ తన దేశం నుంచి తెచ్చుకున్న ఫిలిప్పీన్స్ సినిమా నడుస్తోంది. చేపలమ్మే పిల్లకూ, పడవ ఇంజన్లు బాగుచేసే కుర్రాడికీ ప్రేమ, పోట్లాట, మధ్యమధ్య నవ్వులు. పనివాళ్ళకు ఇంటి వైఫై లేదు. అందుకని మూడేళ్ళుగా ఇదొక్కటే సినిమా.

బొమ్మ మాత్రం దరిద్రంగా ఉండేది. ఎండలో మొహాలు ఉడికిన గుడ్డులా తెల్లబడేవి. చీకటైతే తెరంతా గళ్ళు పడేవి. మాట ముందొచ్చేది, పెదవి తర్వాత కదిలేది. చివర్లో వానలో తడుస్తూ వచ్చి కుర్రాడు ఆ పిల్ల ఇంటి తలుపు మీద చెయ్యి వేస్తాడు. అక్కడ ఆగిపోయేది. ఎప్పుడూ అక్కడే.

"దొంగ కాపీ అంటగట్టారు నీకు," అంది మహబూబ్బీ మొదటిసారి చూసినప్పుడు.

"కాదు ఆతే, అసలుదే. డబ్బా మీద కంపెనీ ముద్ర చూడు."

ఆతే అంటే మరిసెల్ భాషలో అక్క. మిగతాదంతా ఇద్దరూ వంటింటి అరబ్బీలోనే మాట్లాడుకునేవారు.

మహబూబ్బీకి మండిపోయింది. ఊరు విడిచొచ్చినవాళ్ళు, ఏది పడేసినా కళ్ళకద్దుకుని చూస్తారనే కదా ఇలాంటిది అమ్మడం. రాయచోటి నుంచి వచ్చిన ఈ పద్నాలుగేళ్ళలో ఆమె తిన్నది మిగిలిన అన్నం, పడుకున్నది ఎవరో పడుకుని వదిలేసిన పరుపు, తొడుక్కున్నది మేడమ్ కూతుళ్ళు విడిచిన గౌన్లు. కోపం రాకుండా పోలేదు. వచ్చినప్పుడల్లా దాన్ని ఇస్త్రీపెట్టె కింద వేసి నొక్కేసేది.

ముగింపును మరిసెల్ నోటితో చెప్పేది. ఒకరోజు తలుపు తీసేది చేపల కత్తి పట్టుకున్న తండ్రి. ఇంకోరోజు మేక.

"నిజంగా ఎవరు తీస్తారే?"

"నాకేం తెలుసు ఆతే? నేనూ ఇందులోనే కదా చూశాను."

ఈరోజు మరిసెల్ ఏ కథా చెప్పలేదు. వాషింగ్ మెషీన్‌కు వీపు ఆనించి కూర్చుంది. మొహమంతా చెమట. ఎడమ చెయ్యి లాగుతోందంది. నిన్నా అదే మాట అంది.

మహబూబ్బీ కిందికి దిగింది. వాకిట్లో కారు కడుగుతున్న డ్రైవరు ఓబులయ్యదీ రాయచోటి పక్కే.

"ఓబులా, ఆ పిల్లకు చెయ్యి లాగతాందంట. సెమట్లు పడతాండాయి. ఆస్పత్రికి తీసకపోదామా?"

"తాళాలు నా చేతిలోనే ఉండాయి. మామాను ఒక మాట అడుగక్కా. అడక్కుండా గేటు దాటితే, రేపు నన్ను ఆ తోబుల్లోనే సుట్టి ఊరికి పంపాల నువ్వు."

మామా అంటే మేడమ్. పనివాళ్ళంతా అలాగే పిలవాలి. ఆమె వచ్చే చుట్టాల కోసం పళ్ళెంలో ఖర్జూరాలు పేర్చుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏంటి మబ్బీ? ఏమన్నా ముష్కిలా?"

"మాఫీ ముష్కిల్, మామా."

ఇబ్బందేమీ లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క జవాబే. నూనె పడి చెయ్యి కాలిన రోజూ అదే. రాయచోటిలో తల్లి పోయిన రోజూ అదే. నోరు తనంతట తానే అనేసింది.

"అయితే కావా తీసుకురా."

అసలు మాట కోసం ఆమె మళ్ళీ నోరు తెరిచింది. గంట మోగింది. చుట్టాలు లోపలికి వచ్చారు. వాళ్ళ ముందు పనిమనిషి జబ్బు సంగతి ఎత్తకూడదు. ఎవరూ చెప్పకుండానే ఆ ఇంట్లో నేర్చుకున్న పద్ధతి అది. చిన్న గిన్నెల్లో ఆ అరబ్బీ కాఫీ పోస్తూ మేడమ్ మొహంలోకి చూసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ చూసింది. మేడమ్ ఒకసారి నవ్వింది కూడా.

మగవాళ్ళు తోబులు అడిగాక గానీ ఆమెకు పైకి వెళ్ళే వీలు దొరకలేదు.

ఆరూ ఇస్త్రీ అయి కొక్కేలకు వేలాడుతున్నాయి. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి ఉంది. మరిసెల్ మెషీన్‌కు ఆనుకుని కూర్చునే ఉంది, కళ్ళు టీవీ వైపు. తెర మీద గళ్ళ మధ్య కుర్రాడి చెయ్యి తలుపు మీద ఆగిపోయి ఉంది. మహబూబ్బీ మరిసెల్ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

మేడమ్ పైకి వచ్చి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

"నేను అడిగాను కదా మబ్బీ. ముష్కిలా అని అడిగాను కదా. ఎందుకు చెప్పలేదు?"

అడిగింది. అందులో అబద్ధం లేదు. ఆ మొహాన్ని కొట్టాలనిపించింది మహబూబ్బీకి. అంతకు ముందు తన నోటిని. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె మేడమ్‌తో తెలుగులో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అడిగినావు మామా. తల ఎత్తి అడగల్యా."

మేడమ్‌కు అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ ఓబులయ్య తల దించుకున్నాడు.

అంబులెన్సు వచ్చి వెళ్ళింది. సాయంత్రం మరిసెల్ బట్టల పెట్టె కూడా వెళ్ళిపోయింది. ఇస్త్రీబల్ల మీద డీవీడీ డబ్బా మిగిలింది. దాని అట్ట మీద ఆ పిల్లా కుర్రాడూ నవ్వుతున్నారు, ఒక్క గడి కూడా లేకుండా, పన్ను పన్నూ లెక్కపెట్టేంత స్పష్టంగా.