నలుగురిలో ఒకరు

జీపు డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. నా నెత్తిమీదే కొట్టినట్టుంది.

తెలుగు సరిహద్దుకు అవతల, కోంటా నుంచి భేజ్జి పోయే దారిలో ఉంది మా బడి. ఆ రోజు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకొచ్చే సికిల్ సెల్ జబ్బుకు రక్తపరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. ఆగస్టు నెల, వదలని ముసురు. వాగు పొంగితే జీపు ఇటే ఉండిపోతుందని డ్రైవరు భయం. వరండాలో బల్ల వేసుకుని నర్సు దుర్గ ఒక్కొక్కరి వేలికి సూది గుచ్చుతోంది. నా ఎనిమిదో తరగతి పిల్లలు వరసగా వెళ్ళి, వేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ తిరిగొచ్చారు. సన్నే ఒక్కతే బెంచీ మీంచి లేవలేదు.

ఇంకెవరు మొండికేసినా నేనింత గింజుకునేదాన్ని కాను. సన్నే వాళ్ళన్న ముకేష్ కిందటేడు ఈ జబ్బుతోనే చనిపోయాడు. ఇంట్లో ఇక మిగిలింది ఈ పిల్లా, దీని తమ్ముడు కేసా. పైగా వానలు మొదలైన దగ్గర్నుంచీ సన్నే మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి మరీ దిగుతోంది. ఆటల గంటలో ఎందుకు ఆడవంటే చెప్పు తెగిందంటుంది. చూస్తే చెప్పు నిక్షేపంగా కాలికే ఉంటుంది. జబ్బు ముందే తెలిస్తే మందులున్నాయి. తెలియకపోతే ఏమవుతుందో ముకేష్‌ని చూశాను.

"ఏంది సన్నే, సూదంటే భయమా?"

"భయమేం లేదు మేడం."

"మరి లే. బండి పోతది."

"నాకు అవసరం లేదు. మా ఇంట్ల అయిపాయె."

"ఏం అయిపాయె?"

సన్నే సంచిలోంచి కిందటి వారం నేనిచ్చిన నోట్స్ కాగితం తీసి నా ముందు పెట్టింది.

నేను గైడెడ్ నోట్స్ ఇస్తాను. అంటే పాఠమంతా నేనే రాసి, ముఖ్యమైన మాటల దగ్గర ఖాళీ వదిలి, జిరాక్స్ తీయించి పంచుతాను. పాఠం వింటూ పిల్లలు ఆ ఖాళీలు నింపుకోవాలి. మా బడిలో పుస్తకం హిందీలో ఉంటుంది, పిల్లలు ఇళ్ళలో దోర్లీ, గోండీ మాట్లాడతారు, నేను కోంటాలో కొట్టు నడిపేవాళ్ళ ఇంట్లో తెలుగులో పెరిగాను. అందరికీ అందే తేలిక మాటల్లో ఈ కాగితమే లేకపోతే మా పాఠం గడప దాటదు. సగటు, మధ్యగతం, బాహుళకం అన్నీ ఇలాగే గట్టెక్కించాను. సంభావ్యత దగ్గరికి వచ్చేసరికి నాకు తెలివి ఎక్కువైంది. ఎప్పుడూ నాణెం, పాచికలేనా, పిల్లలు ఎరిగిన సంగతి ఇద్దామని సికిల్ సెల్ మీద ఒక వాక్యం రాశాను: "తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ ఆ లక్షణం బయటపడకుండా దాగి ఉంటే, నలుగురు పిల్లల్లో ______ జబ్బు వస్తుంది."

సన్నే ఆ ఖాళీలో గుండ్రటి అక్షరాలతో "ఒకరికి" అని రాసింది. పక్కన నా ఎర్ర పెన్ను టిక్కు, కింద "శాబాష్".

"నలుగురిల ఒకరికి. మా అన్నకొచ్చింది. ఇంక నాకు రాదు, కేసాకు రాదు," అంది సన్నే. "మీరే రాయించిన్రు."

ఎవరి మీద అరవాలో తెలియక చేతిలో సుద్దముక్క విరిచాను. "వస్తుంది" అని ఎలా రాశాను? పుట్టే ప్రతి బిడ్డకీ, పుట్టిన ప్రతిసారీ, విడివిడిగా నాలుగింట ఒక్క అవకాశం అని కదా రాయాలి! పిల్లలకు తేలిగ్గా ఉంటుందని పొట్టి వాక్యం రాశాను. ఆ పొట్టి వాక్యాన్ని పట్టుకుని ఈ పిల్ల కదలకుండా కూర్చుంది.

"ఆ వాక్యం నేనే సరిగ్గ రాయలే. అన్నకొచ్చినా నీకు రావచ్చు," అన్నాను.

"అట్లెట్ల మేడం?" వెనక బెంచీలోంచి పొజ్జా లేచాడు. వాడికి అడగకుండానే లేవడం అలవాటు. "మా పుంజులు సంతల పందెం మీద పందెం ఓడుతనే ఉన్నయి. ఈసారి గెలిచే వంతు మా కొత్త పుంజుదే. మా బాబాయి గూడ అదే అంటడు."

"వంతు ఎవరిదో మీ పుంజుకు చెప్పిన్రా?"

అందరూ నవ్వారు. కానీ నవ్వుతూనే తలలు పొజ్జా వైపు ఊపారు. తరగతి మొత్తం సన్నే పక్షమే. ఇన్నాళ్ళూ నేను నింపించిన ఖాళీలు ఏ గంగలో కలిశాయో!

వరండాలోంచి దుర్గ తొంగి చూసింది. "దీదీ, ఇంకొకరున్నరన్నరు? జల్దీ పంపున్రి. వాగు చూసిన్రా ఎట్ల వస్తున్నదో?"

"పది నిమిషాలు దుర్గా."

"పదంటే పదే."

మాటలతో అయ్యే పని కాదు. మా పిల్లల జేబుల్లో ఎప్పుడూ చింతగింజలుంటాయి. నాలుగు అడిగి తీసుకుని, ఒకదాని మీద వైట్‌నర్‌తో చుక్క పెట్టాను. అది ఆరదు. ఊదాను, కాగితంతో విసిరాను, మళ్ళీ ఊదాను. ఆరీ ఆరకముందే నాలుగింటినీ సుద్దముక్కల డబ్బాలో వేసి గలగల ఆడించాను.

"చుక్క గింజ వస్తే జబ్బు. ఒక బిడ్డ పుట్టినప్పుడల్లా ఒకసారి తియ్యాలి, చూడకుండ. తీసింది చూసి మళ్ళ డబ్బాలనే వెయ్యాలి. పొజ్జా, రా."

పొజ్జా తీశాడు. ఉత్త గింజ. వేసి మళ్ళీ తీశాడు. చుక్క. వేసి మళ్ళీ తీశాడు. మళ్ళీ చుక్కే. తరగతి "ఓ" అని అరిచింది. నేనేదో మోసం చేశానని వాడు గింజను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పూనం వచ్చింది. ఎన్నిసార్లు తీసినా ఆ పిల్లకు చుక్క రానేలేదు. ఇంకొందరు వచ్చారు. ఎవరికెన్ని చుక్కలో బోర్డు మీద గీతలు గీస్తూ పోయాను. తొందరలో గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

"చూసిన్రా? ఒకరింట్ల రెండు, ఇంకొకరింట్ల ఒకటి గూడ లేదు. ముందు ఏమొచ్చిందో డబ్బాకు గుర్తుండదు. ప్రతిసారీ లోపల నాలుగూ ఉంటయి."

పొజ్జా నెత్తి గోక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు. వాళ్ళ పుంజు భవిష్యత్తు కళ్ళముందే కూలిపోయినట్టుంది. నేను డబ్బా పట్టుకెళ్ళి సన్నే ముందు పెట్టాను.

సన్నే చెయ్యి పెట్టి తీసింది. చుక్క గింజ.

ఇదేం ఖర్మరా, దీనికే రావాలా! "పర్వాలేదు," అన్నాను గబగబా, "మీ అన్న పుట్టినప్పుడు ఇట్ల వచ్చిందనుకో. ఇప్పుడది లోపల వేసి నీ కోసం తియ్యి."

సన్నే పిడికిలి మూసింది.

"వెయ్యి."

"వెయ్య."

"సన్నే, టైం లేదు."

"ఇది మా అన్నది. అయిపాయె. మళ్ళ ఎందుకు వేస్తరు?"

నేను పిల్ల చెయ్యి పట్టుకుని పిడికిలి విప్పబోయాను. వేళ్ళు చల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి. చటుక్కున వదిలేశాను. సిగ్గేసింది.

"అన్న పోయిన్నాడు," అంది సన్నే తల వంచుకుని, "అమ్మ నా మొకం, కేసా మొకం కడిగి చెప్పింది. మీ ఇద్దరి వంతు గూడ వాడే మోసుకపోయిండు, మీరింక ఏడ్వకున్రి అని. మొన్న మీ కాగితం సదివి వినిపించిన. ఆ రోజు అమ్మ కడుపునిండ తిన్నది."

కొడుకు పోయాక ఆ ఇల్లు నిలబడింది ఆ ఒక్క మాట మీద. దాన్ని తీసెయ్యమని అడుగుతున్నాను నేను. అదీ పదమూడేళ్ళ పిల్లని.

"ఇది మళ్ళ డబ్బాల వేస్తే," సన్నే తలెత్తింది, "మా అన్న దేనికి పోయినట్టు మేడం?"

హారన్ మోగింది, ఈసారి ఆపకుండా. వెళ్ళి ఆ డ్రైవరు చెయ్యి విరిచెయ్యాలనిపించింది. దేవుడి ఇష్టమనో, రాతనో ఏదో ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేశాను. అలాంటి మాట చెబితే ఈ పిల్ల మళ్ళీ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

"దేనికీ కాదు సన్నే. ఊరికెనే పోయిండు. ఎవరి వంతూ మోసుకపోలే. ఏం జబ్బో ఎవరికీ తెలవలే, తెలిసేసరికి ఆలస్యమయింది. నువ్వట్ల పోవద్దు."

ఆ పిల్ల నన్ను చూసిన చూపు చెప్పలేను. అందులో ఉన్నది అచ్చంగా అసహ్యమే. అలాగే చూస్తూ పిడికిలి విప్పింది. గింజ డబ్బాలో పడింది. తర్వాత ఎవరో కొట్టినట్టు గొంతెత్తి ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోతే నా చెయ్యి తోసేసి, గోడ పట్టుకుని తనే వరండాలోకి నడిచింది.

"ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?" అడిగింది దుర్గ.

"మా అన్నకుండె. పోయిండు." సన్నే భుజానికి ముక్కు తుడుచుకుంది. "నాకు మోకాళ్ళు నొస్తయి. చలికి ఎక్కువైతది. ఎవరికీ చెప్పలే."

దుర్గ ఆ మాట రిజిస్టరులో రాసుకుంది. తర్వాత వేలికి గుచ్చి, రక్తం బొట్టు చిన్న సీసాలోని మందు నీళ్ళలో కలిపింది. కాసేపు ఆగాలంది. నేను వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను.

"దీదీ, జర ఒక్కచోట నిలబడున్రి. నాకు తల తిరుగుతున్నది."

దుర్గ గీతలున్న అట్టముక్క ముందు సీసా పట్టుకుని చూసింది. పొద్దుట్నుంచీ చాలామంది సీసాల వెనక ఆ గీతలు స్పష్టంగా కనిపించాయి. సన్నే సీసా వెనక కనిపించలేదు. నీళ్ళు మసకబారాయి, అంటే రక్తంలో అది ఉన్నట్టే.

"రక్తంల దాగున్న ఉత్త లక్షణమో, అసలు జబ్బో దీంతో తెలవదు బిడ్డా. సుక్మా ఆసుపత్రిల పెద్ద పరీక్ష చేస్తరు. జబ్బయినా మందులున్నయి, భయపడకు," అంది దుర్గ.

నాకు భయమేసింది. నా మాట విని గింజ వేసిన పిల్ల ఇప్పుడు నన్నేమంటుందోనని. సన్నే సీసా వైపే చూస్తోంది. లెక్క చేసేటప్పుడు కదిలినట్టు పెదవులు కదులుతున్నాయి.

"మేడం, అన్నకొచ్చింది, నాకు గూడ ఉన్నదేమో. అట్లని కేసాకు వస్తదని లేదు. రాదని గూడ లేదు. వానిది మళ్ళ మొదటి నుంచే కదా?"

"అవును," అన్నాను. ఈ ఏడు ఇప్పటిదాకా నా తరగతిలో ఎవరూ ఇంత సరైన జవాబు చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

సన్నే దుర్గ వైపు తిరిగింది. "మళ్ళెప్పుడొస్తరు సిస్టర్? మా తమ్ముని ఎత్తుకొస్త."

"వచ్చే సోమవారం," అంటూనే దుర్గ పెట్టె సర్దుకుని జీపెక్కింది.

సన్నే సంచి భుజానికేసుకుంది. "ఇంటికి పోత మేడం. అమ్మకు చెప్పాలె."

"ఆగు, నేనూ వస్త."

"వద్దు మేడం. అమ్మ మిమ్మల్ని తిడతది."

"తిట్టనీ," అన్నాను, గొడుగు తీసుకుంటూ.